ఇల్లు దొరకని కంప్యూటర్

(బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు యువతీయువకుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, నన్ను పిలిచిన కార్యదర్శి గారికి, పొద్దుటి నుంచి వంటగదిలో నిలబడి మనందరికీ పులిహోర కలిపిన అమ్మలకు కృతజ్ఞతలు. వెనక నిలబడిన తమ్ముళ్లూ, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

‘ఉద్యోగం చేస్తూ సర్టిఫికేషన్ సాధించడం ఎలా’ అనే అంశం మీద మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ ముందు ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ హాల్లో చాలామంది ఫోన్లలో ఇప్పుడు ‘డంప్స్’ ఉన్నాయి. పరీక్షలో వచ్చిన ప్రశ్నలను ఎత్తుకొచ్చి, జవాబులు చేర్చి చేతులు మార్చే ఫైళ్లు. వాటిని తీసేయమని అడగడానికే నేను ఇవాళ వచ్చాను.

నాది మదనపల్లె. బీకాం చదివి 2019లో ఇక్కడికి వచ్చాను. జయనగర్ వైపు ఒక ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్ ఉద్యోగం. ఉండేది మారతహళ్లిలో, ముగ్గురికి ఒక గది ఇచ్చే పీజీలో. 500డి బస్సులో సిల్క్ బోర్డు దాకా, అక్కడ దిగి ఇంకో బస్సు. పోనూ రానూ మూడు గంటలు, కౌంటర్లో తొమ్మిది గంటలు, నెలలో పది రోజులు రాత్రి డ్యూటీ. నాలుగేళ్లయినా అదే కుర్చీ. మా కంప్యూటర్లు బాగుచేయడానికి వచ్చే ఇంజినీరును చూసి ఆ పని మీద మనసు పడింది. అలా 2023లో కాంప్‌టియా ఎ ప్లస్ మొదలుపెట్టాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఈ రంగంలో తొలి మెట్టు లాంటి పరీక్ష అది. రెండు పేపర్లు. ఒక్కొక్కటి 90 నిమిషాలు, ప్రశ్నలు 90కి మించవు. 900కి లెక్కకట్టే మార్కుల్లో మొదటిదానికి 675, రెండోదానికి 700 రావాలి. పాసైతే మూడేళ్లు చెల్లుతుంది.

మా పీజీ దగ్గరే ఒక సందులో, రెండో అంతస్తులో శిక్షణ కేంద్రం ఉండేది. పేరు చెప్పను. 28,000 రూపాయలు కట్టాను. మొదటి వారమే అక్కడి మాస్టారు ఒక కట్ట చేతిలో పెట్టి, “పుస్తకం జోలికి పోకండి. ఈ 400 ప్రశ్నలు బట్టీ పట్టండి, ఇవే వస్తాయి” అన్నారు. పట్టాను. నిద్రలో లేపి అడిగినా ‘137కి సి’ అని చెప్పేదాన్ని. ఆ సి అంటే ఏమిటో మాత్రం తెలియదు. పరీక్ష రోజున తెర మీద మొదట వచ్చినవి జవాబు ఎంచుకునే ప్రశ్నలే కావు, చేసి చూపించే ప్రశ్నలు. అవేమిటో చెప్పను. బయట చెప్పబోమని ఒప్పుకున్నాకే పరీక్ష రాయనిస్తారు, ఆ మాట తప్పితే నాకూ డంప్స్ అమ్మేవాళ్లకూ తేడా ఉండదు. 612 వచ్చింది. రెండోసారి రాయాలంటే ఫీజు మళ్లీ మొత్తం కట్టాలి. మాస్టారి దగ్గరికి వెళ్తే, “మీకు శ్రద్ధ చాలలేదు” అన్నారు. ఐదు నెలలు ఆ కట్ట మోసిన మనిషిని పట్టుకుని అన్న మాట అది. ఇప్పటికీ తలచుకుంటే గొంతు పట్టేస్తుంది.

మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి చీటీలతో. ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు నా తెలుగులో. కిక్కిరిసిన బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో తిప్పగలిగేది చీటీ ఒక్కటే. గదిలో పదకొండింటికి దీపం ఆర్పేసేవాళ్లు. మెట్ల మీద కూర్చుని రాసుకునేదాన్ని.

ఆ చీటీల్లో ఒకటి చదువుతాను. కంప్యూటర్‌కు నెట్‌వర్క్‌లో అడ్రసు ఇచ్చేది డీహెచ్‌సీపీ. నాలుగు మాటల బేరం. నాకది పుస్తకంలో ఎక్కలేదు, మన అద్దె ఇళ్లతో పోల్చుకున్నాక ఎక్కింది. “ఇల్లు ఖాళీ ఉందా?” అని కంప్యూటర్ వీధిలో కేకేస్తుంది. “ఈ గది ఉంది” అంటాడు యజమాని. “అదే నాకివ్వండి.” “సరే, ఇన్నాళ్లకు ఇచ్చాను.” మనకు పదకొండు నెలల అగ్రిమెంటు ఉన్నట్టే దానికీ గడువు ఉంటుంది. దాన్ని లీజు అనే అంటారు. మరి ఎంత కేకేసినా యజమాని పలకకపోతే? విండోస్ కంప్యూటర్ తనకు తానే 169.254తో మొదలయ్యే అడ్రసు పెట్టుకుంటుంది. అంటే ఇల్లు దొరక్క రోడ్డు పక్కన డేరా వేసుకున్నట్టు. ఆ చీటీ మీద ‘ఇల్లు దొరకని కంప్యూటర్’ అని రాసుకున్నాను.

రాసుకున్న వారానికి రాత్రి డ్యూటీ. రెండున్నర దాటింది. కౌంటర్లో మూడు కంప్యూటర్లూ ఒకేసారి ఆగిపోయాయి. హిందూపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన, భార్యను ఇంటికి తీసుకెళ్లడానికి ఆటోను బయట నిలబెట్టి, బిల్లు కోసం నా ఎదుట నిలుచున్నాడు. చేతిలో పసుపు రంగు గుడ్డసంచి, అందులో ఆమె చీర, ఫ్లాస్కు. ఇంజినీరు ఫోను ఎత్తలేదు. మూడు కంప్యూటర్లూ ఆపి మళ్లీ వేశాను, నా దాంట్లో నల్ల తెర తెరిచి, అడ్రసు చూపించే ఆదేశం ఐపీకాన్ఫిగ్ కొట్టాను. 169.254! నా చీటీ కళ్ల ముందుకు వచ్చింది. పక్కదాంట్లో చూశాను, అదే. మూడోదాంట్లోనూ అదే. ముగ్గురికీ ఇల్లు దొరకలేదంటే తప్పు ముగ్గురిదీ కాదు, వీధిలోకి వెళ్లే దారిలో ఉండాలి. బల్ల కిందికి దూరాను. కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే చిన్న పెట్టె ఉంటుంది, దాన్ని స్విచ్ అంటారు. దాని మీద మూడు పచ్చ దీపాలు మిణుకుతున్నాయి, నాలుగోది ఆరిపోయి ఉంది. పై అంతస్తుకు వెళ్లే కేబుల్, తడిగుడ్డ కర్ర తగిలి కాబోలు, ఊడి నేలమీద పడింది. దాని ప్లాస్టిక్ కొక్కెం విరిగిపోయింది. తోస్తే నిలవడం లేదు. నర్సక్కను అడిగి, గాయాలకు వేసే తెల్ల టేపు తెచ్చి చుట్టాను. నాలుగో దీపం వెలిగింది.

బిల్లు అచ్చవుతుంటే పెద్దాయన, “పని అయిందా తల్లీ?” అన్నాడు. అయింది నాన్నా అన్నాను. ఆ ఒక్క మాటకు 400 ప్రశ్నల్లో ఏ ఒక్కటీ నాకు పనికిరాలేదు.

తెల్లారి నాకు దొరికింది మెమో, అనుమతి లేకుండా పరికరాలు ముట్టుకున్నానని. కానీ మా ఇంజినీరు, కన్నడాయన, ఆ తెల్ల టేపు చూసి ఎవరు చుట్టారని అడిగి తెలుసుకున్నాడు. పై అధికారిని అడిగి, తుక్కులో పడేసిన ఒక పాత కంప్యూటర్‌ను నా ముందు పెట్టించాడు. “బిచ్చి నోడమ్మా” అన్నాడు, విప్పి చూడమ్మా అని. ర్యామ్ తీసి మళ్లీ బిగిస్తే చెవిలో పడే ఆ ‘టక్’ శబ్దం ఏ డంప్‌లో ఉంటుందో చెప్పండి. మొత్తం 14 నెలలకు రెండు పేపర్లూ పాసయ్యాను. ఇప్పుడు డెస్క్‌టాప్ సపోర్ట్‌లో పనిచేస్తున్నాను.

టైము అయిందని గంట కొట్టారు. కార్యదర్శి గారూ, రెండు నిమిషాలు.

ముందు వరసల్లోని అన్నయ్యలూ అక్కయ్యలూ, మీరు టీములు నడుపుతున్నారు. ఊరి నుంచి వచ్చిన పిల్లలు ‘ఏదైనా మెటీరియల్ పంపండి’ అంటే, ప్రేమతోనే కావచ్చు, మీరు డంప్స్ పంపుతున్నారు. పంపకండి. పట్టుబడితే ఫలితం రద్దవుతుంది, వచ్చిన సర్టిఫికెట్టూ పోవచ్చు. పట్టుబడకపోతే ఇంకా కష్టం, ఉద్యోగంలో రెండో రోజే బల్ల కింద ఊడిన కేబుల్ ముందు ఆ పిల్ల ఒక్కతే నిలబడాలి. దానికి బదులు ఒక పాత మెషీన్ ఇవ్వండి. మీ ఆఫీసులో ఎవరైనా చదువుకుంటున్నారని తెలిస్తే వారానికి రెండు రోజులు గంట ముందు పంపండి. నాకు ఆ గంట ఎవరూ ఇవ్వలేదు, మెట్ల మీద కూర్చుని సంపాదించుకున్నాను.

ఈ చెప్పుల పెట్టెలో నా చీటీలున్నాయి, 312. అన్నీ తెలుగులోనే. వచ్చే ఆదివారం నాలుగింటికి ఇదే హాల్లో కూర్చుంటాను, విప్పడానికి రెండు పాత కంప్యూటర్లు దొరికాయి. స్క్రూడ్రైవర్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి. రావాలనుకునేవాళ్లు తలుపు దగ్గర నోటుపుస్తకంలో పేరు రాసి, రాత్రి డ్యూటీ ఉంటే పక్కన ‘రా’ అని పెట్టండి, వాళ్లకు పొద్దున పదింటికి విడిగా కూర్చుందాం.