ఇల్లు ఆరుతుందా, లేదా?

శ్రోతలకు నమస్కారం.

బదిలీ వచ్చిందనో, కొత్త ఉద్యోగం దొరికిందనో, రిటైరయ్యాక సముద్రం దగ్గర ఉండాలనో హైదరాబాద్ నుంచి విశాఖపట్నం మారేవాళ్లు చాలామందే ఉన్నారు. ఇల్లు చూసుకోవడానికి ఎక్కువగా ఎప్పుడొస్తారు? డిసెంబర్‌లోనో, సంక్రాంతి సెలవుల్లోనో. ఎండ హాయిగా ఉంటుంది, గోడలు పొడిగా ఉంటాయి, పండక్కి రంగులు కూడా వేసి ఉంటాయి. అడ్వాన్స్ ఇచ్చేసి వెళ్తారు. ఆగస్టు వచ్చేసరికి బీరువాలో పట్టుచీరల మీద తెల్లటి మచ్చలు, తోలు చెప్పుల మీద పచ్చటి బూజు, పిల్లాడికి తెల్లవార్లూ దగ్గు. "ఈ ఊరు మాకు పడలేదండీ" అంటారు. అదే వీధిలో, అదే సముద్రపు గాలిలో, నాలుగిళ్ల అవతల వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు.

తీరంలో ప్రతి ఇల్లూ తడుస్తుంది. తడిసింది ఎంతసేపట్లో ఆరుతుందన్నదే చూసుకోవాలి. తడిసిన గోడైనా, పరుపైనా ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా ఆరిపోతే బూజు సాధారణంగా నిలదొక్కుకోలేదు. ఆరని చోటే అది ఇల్లు కట్టుకుంటుంది.

ఫోన్‌లో చూసి "హైదరాబాద్‌లో కూడా పొద్దున్నే తేమ 85 శాతం చూపిస్తోంది, ఇక తేడా ఏముంది?" అనేవాళ్లున్నారు. ఆ శాతం ఉష్ణోగ్రతను బట్టి మారిపోతూ ఉంటుంది. తెల్లవారుజామున గాలి చల్లబడితే ఎక్కడైనా పెరుగుతుంది. చాలా వాతావరణ యాప్‌లలో దాని పక్కనే డ్యూ పాయింట్ అని ఇంకో అంకె ఉంటుంది. గాలి ఎంతవరకు చల్లబడితే అందులోని తేమ నీటిబొట్లుగా మారుతుందో చెప్పే అంకె అది. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండ, 25 శాతం తేమ ఉన్నాయనుకోండి, డ్యూ పాయింట్ 16 దగ్గర ఉంటుంది. విశాఖలో 34 డిగ్రీలు, 65 శాతం ఉంటే అది 26 దాటుతుంది. అంటే ఏసీ వేసి 24 డిగ్రీలకు చల్లబడిన గోడకు ఈ ఊరి గాలి తగిలితే చాలు, చెమ్మ పడుతుంది.

ఈ లెక్కలన్నీ ఎందుకనుకుంటే వంటింట్లో ఉప్పు జాడీ మూత తీసి చూడండి. శుద్ధమైన ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటగానే నీటిని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. కల్లుప్పు ఇంకా ముందే చెమరుస్తుంది. ఆ ఇంట్లో ఇప్పుడు కాపురం ఉంటున్నవాళ్లు ఉప్పులో బియ్యపు గింజలు వేసుకుంటున్నారంటే విషయం మీకు అర్థమైనట్టే. తేమ కొలిచే చిన్న మీటర్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. అది సరిగా చూపిస్తోందా అని తేల్చడానికి కూడా ఉప్పే చాలు. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, ముద్దగా తడిసేలా నాలుగు చుక్కల నీళ్లు పోయండి. దాన్నీ మీటర్‌నీ గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి మీటర్ 75 చూపించాలి. 70 చూపిస్తే అప్పట్నుంచి అది చెప్పినదానికి 5 కలుపుకోండి. ఇంట్లో తేమ 60 లోపు ఉంటే మంచిదని నిపుణుల మాట. తీరంలో రోజంతా అలా ఉంచడం కష్టమే కానీ, రాత్రీ పగలూ 80 దగ్గరే కూర్చుంటే ఆ ఇల్లు ఆరడం లేదన్నమాట.

ఇదే ఉప్పు గోడలో ఉంటే పెద్ద తలనొప్పి. ఉప్పు ఉన్న ఇసుకతోనో, ఉప్పునీళ్లతోనో కట్టిన గోడ వానాకాలమంతా గాలిలోంచే నీళ్లు తాగుతూ ఉంటుంది. పెచ్చులు ఊడి, తెల్లటి పొడి రాలుతుంటుంది. మీద పుట్టీ పట్టించి రంగేస్తే మూణ్ణెల్లు బాగుంటుంది, ఆ తర్వాత మళ్లీ పొక్కుతుంది. కాబట్టి ఒక్క గోడకే, అందులోనూ మోకాలి ఎత్తు వరకే, కొత్త రంగు కనిపిస్తే ఎందుకు వేయించారో అడగండి.

ఇల్లు చూడ్డానికి వస్తున్నామని ముందే చెబితే కిటికీలన్నీ తీసి, సాంబ్రాణి వేసి ఉంచుతారు. తప్పు పట్టక్కర్లేదు, మనింటికి ఎవరైనా వస్తుంటే మనమూ అంతే. కానీ రాత్రంతా మూసి ఉన్న ఇంటిని పొద్దున్నే చూపించమని అడగండి. గుమ్మం దాటిన మొదటి నిమిషంలో ముక్కు చెప్పేదే నిజం. కాసేపటికి అలవాటు పడిపోయి ఆ ముక్కిన వాసన తెలియకుండా పోతుంది. లోపలికి వెళ్లగానే హాల్లో టైల్స్ చూస్తూ నిలబడకండి. అటక మీద, సింక్ కింద, బాత్రూమ్‌కి ఆనుకున్న పడకగది గోడ దగ్గర, గోడలోకి కట్టిన అల్మరాలో వాసన చూడండి. అల్మరా తెరవగానే కలరా ఉండల ఘాటు కొడితే దాన్ని కాసేపు తెరిచి ఉంచి, చెక్క వెనకవైపు చేత్తో తడమండి.

చెమ్మ కనిపిస్తే అది ఎక్కణ్నుంచి వస్తోందో తేల్చుకోవాలి. కింద నుంచి పైకి పాకితే నేలలోది. పై నుంచి కిందికి చారలు కడితే శ్లాబ్‌దో, పైపుదో. మూలల్లో, బీరువా వెనక చుక్కలు చుక్కలుగా నల్లబడితే చాలావరకు గాలిలోది. అనుమానం తీరకపోతే జానెడు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించి రెండు రోజులు వదలండి. కవర్ లోపలివైపు నీళ్లు కడితే గోడలోంచి వస్తున్నట్టు, బయటివైపు కడితే గదిలోని గాలిది. గాలిది అయితే మీ చేతిలో పనే: ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఎదురెదురు కిటికీలు, బీరువాని గోడకు బెత్తెడు ఎడంగా జరపడం. నేలది, శ్లాబ్‌ది అయితే అద్దెకుండేవాళ్లు చేయగలిగింది తక్కువ. ఆ ఇల్లు వదిలేయడం మేలు.

ఏసీ గురించి ఒక మాట. ఒక టన్ను సరిపోయే గదికి రెండు టన్నులది పెట్టినవాళ్లు గొప్పగా చెప్తుంటారు. అది గదిని చిటికెలో చల్లబరిచి ఆగిపోతుంది, తేమ లాగడానికి దానికి టైమ్ చాలదు. గది చల్లగానూ ఉంటుంది, జిడ్డుగానూ ఉంటుంది.

ఇక ఊరి గాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో ఏక్యూఐ, అంటే గాలి ఎంత శుభ్రంగా ఉందో చెప్పే అంకె, చూడొచ్చు. అది లెక్కించే 8 కాలుష్య కారకాల్లో బూజు లేదు. పైగా కాలుష్యం, బూజు రెండూ ఒకే కాలంలో రావు. ఆగస్టులో వానలు దుమ్మును కడిగేస్తాయి కాబట్టి ఏక్యూఐ బాగుంటుంది, బూజు మాత్రం అప్పుడే పెరుగుతుంది. డిసెంబర్, జనవరిలో గోడలు పొడిగా ఉంటాయి, కానీ గాలి నేలబారుగా నిలిచిపోయి పొగా దుమ్మూ పేరుకుంటాయి. చుట్టూ కొండలు, పక్కనే ఓడరేవు, పరిశ్రమలు ఉన్న ఊరు కాబట్టి ఆ నెలల్లో కిటికీ గడప మీద వేలు పెట్టి రాసి చూడండి, నల్లగా అంటుతుందేమో. ఇల్లు వానాకాలంలో చూడాలి, పేట శీతాకాలంలో చూడాలి. రెండుసార్లు రావడం కుదరకపోతే పక్కింటి ఆవిణ్ని ఒక్కటే అడగండి: "ఆగస్టులో బట్టలు ఎక్కడ ఆరేస్తారండీ?" డాబా మీద అంటే సరే. హాల్లో ఫ్యాన్ కింద రెండు రోజులంటే ఆ నీళ్లన్నీ గోడలకే చేరుతున్నాయి.

బూజు ఫలానా మోతాదు వరకు పరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పలేదు. 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అసలు చెమ్మే లేకుండా చూసుకోమంది. దాని రంగు చూసి టెన్షన్ పడటమూ అనవసరం, నల్లదైనా పచ్చదైనా కారణం నీళ్లే. ఎయిర్ ప్యూరిఫయర్ గాలిలో తేలేదాన్ని కొంత పట్టుకుంటుంది కానీ గోడను ఆరబెట్టదు.

ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే సామాను సర్దకముందే, జులైలోనో ఆగస్టులోనో, మీరు చేరదలచుకున్న పేటలోనే వారం రోజులు అద్దెకు గది తీసుకుని ఉండి చూడండి. ఇన్‌హేలర్ ఎన్నిసార్లు వాడాల్సి వచ్చిందో రాసుకుని, ఆ కాగితం మీ డాక్టర్‌గారికి చూపించాకే అడ్వాన్స్ మాట ఎత్తండి. అగ్రిమెంట్‌లో శ్లాబ్ కారితే బాగుచేయించాల్సింది ఎవరో, ఎన్ని రోజుల్లోనో రాయించుకోండి. నోటిమాటగా ఒప్పుకున్నది తుఫాను వచ్చిన వారం ఎవరికీ గుర్తుండదు.

నమస్కారం.