పంపేవాడికి సభ్యులెవరో తెలియని గ్రూపు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట మారతహళ్లి ట్రాఫిక్ దాటుకుని వచ్చారు, కాబట్టి సుత్తి లేకుండా విషయానికి వస్తాను.

మల్టీకాస్ట్ అంటే నెట్‌వర్క్‌లో అడిగినవాళ్లందరికీ ఒకే డేటాని ఒకేసారి పంపే పద్ధతి. మల్టీకాస్ట్ గ్రూపు అనగానే చాలామందికి వాట్సాప్ గ్రూపు గుర్తొస్తుంది. కానీ ఇక్కడ అడ్మిన్ లేడు, సభ్యుల జాబితా లేదు. సర్వర్ 239.1.1.1 లాంటి అడ్రస్‌కి ఒక్క కాపీ వదిలి ఊరుకుంటుంది. వినేవాళ్లు పదిమందా, పదివేలా, అసలు ఉన్నారా అన్నది దానికి పట్టదు. దారి చీలిన చోట రూటరే కాపీలు తీస్తుంది. స్టీవ్ డీరింగ్ 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1112 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో రాసిన పద్ధతి ఇదే. బయటి ఇంటర్నెట్‌లో దీన్ని మోసేవాళ్లు తక్కువ; కానీ సొంత నెట్‌వర్క్‌లలో ఐపీటీవీ (నెట్‌వర్క్ మీద వచ్చే టీవీ), స్టాక్ ఎక్స్ఛేంజీ ఫీడ్లు దీనిమీదే నడుస్తాయి.

మరి ప్యాకెట్లు ఎటు వెళ్లాలి? కావలసినవాడే అడగాలి. మీ కంప్యూటర్ ఐజీఎంపీ (గ్రూపులో చేరడానికి వాడే ప్రోటోకాల్) ద్వారా "ఈ గ్రూపు నాకు కావాలి" అని రూటర్‌కి చెబుతుంది. ఒకసారి చెప్తే చాలదు. రూటర్ మామూలుగా 125 సెకన్లకోసారి "ఇంకా ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతుంది. 260 సెకన్లపాటు ఎవరూ పలక్కపోతే ఆ గ్రూపుని తీసేస్తుంది. మధ్యలో స్విచ్ (కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిసే పెట్టె) ఈ మాటలు చాటుగా విని, ఏ పోర్టుకి ఏ గ్రూపు కావాలో రాసుకుంటుంది. అదే స్నూపింగ్.

తంటా అంతా ఇక్కడే. వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో సీసీ కెమెరాలు మల్టీకాస్ట్‌లో పెట్టారు. సెక్యూరిటీ గదిలో వీడియో తెరవగానే చక్కగా వస్తుంది, నాలుగు నిమిషాలు దాటాక బొమ్మ ఆగిపోతుంది. మూసి తెరిస్తే మళ్లీ వస్తుంది. కేబుల్ మార్చారు, కెమెరా మార్చారు. నెట్‌వర్క్ ప్యాకెట్లు పట్టి చూపే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే, తెరిచినప్పుడు వెళ్లిన జాయిన్, అంటే "ఈ గ్రూపు కావాలి" అన్న మాట, ఒక్కటే ఉంది. ఆ తర్వాత అడిగే నాథుడే లేడు! మల్టీకాస్ట్ రూటర్ లేని నెట్‌వర్క్ అది, స్విచ్‌లో మాత్రం స్నూపింగ్ ఆన్‌లో ఉంది. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ పలకలేదు. గడువు తీరగానే స్విచ్ ఆ ఎంట్రీ కొట్టేసింది. స్విచ్‌లోనే క్వెరియర్ (రూటర్ బదులు ఆ ప్రశ్న అడిగే సదుపాయం) ఆన్ చేశాక సర్దుకుంది.

కొందరు స్నూపింగే ఆపేస్తారు. వీడియో వస్తుంది, నిజమే. కానీ అన్ని కెమెరాల ట్రాఫిక్ అన్ని పోర్టులకీ పోతుంది. అలాంటప్పుడు మల్టీకాస్ట్ పెట్టడమెందుకు?

అడ్రస్ ఎంచుకునేటప్పుడు ఇంకో చిక్కు. గ్రూపు అడ్రస్‌లో మారే బిట్లు 28, స్విచ్‌లు చూసే హార్డ్‌వేర్ అడ్రస్, అంటే మ్యాక్ అడ్రస్‌లోకి వెళ్లేవి 23. అంటే 32 గ్రూపులకి ఒకే మ్యాక్. 239.0.0.1 తీసుకున్నారనుకోండి, దాని మ్యాకూ 224.0.0.1 మ్యాకూ ఒకటే. ఆ రెండోదాన్ని, 224.0.0తో మొదలయ్యే మిగతావాటినీ స్విచ్‌లు అన్ని పోర్టులకీ పంపుతాయి, మీదీ దాంతోపాటే పోవచ్చు. అందుకే 239.0.0, 239.128.0తో మొదలయ్యేవాటి జోలికి పోకండి.

వైర్‌షార్క్‌లో పట్టిన ప్యాకెట్ల క్యాప్చర్ స్క్రీన్ మీద తెరిచే ఉంది. ప్రశ్నలుంటే అడగండి.