చిల్లు పెట్టని బూరె

(రాజమహేంద్రవరంలో ఒక కాలనీ సంఘం కార్తీక వనభోజనాల ముందు పెట్టుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి, కోశాధికారిగారికి, ఆయన పక్కనే కూర్చుని ఆయన రాసే ప్రతి అంకె మీదా కన్నేసి ఉంచిన మా వదినగారికి, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకి అందరికీ నమస్కారం. వేదికనలంకరించిన పెద్దలు అనడం అలవాటు గానీ, వేదికంటే ఈ రెండు ప్లాస్టిక్ కుర్చీలే కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను. పోయినేడాది నర్సరీలో చోటిచ్చిన కడియం వారికి మనం థాంక్స్ కూడా చెప్పకుండా వచ్చేశాం. ఇప్పుడు చెబుతున్నాను. ఉసిరి చెట్టు కింద తినాలని వెళ్తే అక్కడ కుండీల్లో వేల ఉసిరి మొక్కలున్నాయి, కింద కూర్చునేంత ఎత్తున్నది మాత్రం ఒక్కటీ లేదు. చివరికి కుండీలని చుట్టూ పెట్టుకుని మధ్యలో కూర్చున్నాం. పుణ్యం సగమైనా వచ్చే ఉంటుంది.

నాకిచ్చిన పని వంటల పట్టీ చదవడం. పదకొండేళ్లుగా నేనే రాస్తున్నాను, నేనే చదువుతున్నాను, మీరు చప్పట్లు కొట్టి టీ తాగి వెళ్తున్నారు. ఈసారి పట్టీ కంటే ముందు ఒక సంగతి చెప్పాలి. రెండేళ్లుగా గొంతులో ఉండిపోయింది.

మొదట పనీరు సంగతి. కూర్చోండి అన్నయ్యగారూ, పనీరు మీద నాకేం పగ లేదు. కానీ మన భోజనాల్లోకి పనీరు ఎప్పుడొచ్చిందో గుర్తు చేసుకోండి. నా పెళ్లిలో లేదు, మా పెద్దమ్మాయి పెళ్లిలో ఒక గిన్నెలో ఉంది, మా మనవడి ఒడుగులో నాలుగు రకాలుంది. వంటవాడిని 'శాకాహారమే బాబూ, కార్తీకం' అంటే చాలు, పనీర్ బటర్ మసాలా, క్రీము పోసిన కుర్మా, వెన్న వేసిన ఫ్రైడ్ రైస్ అని గడగడా చదివేస్తాడు. కూరగాయ ఏదయ్యా అంటే, కుర్మాలో క్యారెట్ ఉందండీ అంటాడు! కంద ఏమైంది, పెండలం ఏమైంది, గుమ్మడికాయ పులుసు ఏమైంది? ఇది గోదావరి జిల్లానా, ఇంకేదైనానా? మీరే చెప్పండి.

సరే, అసలు సంగతి. ముందటేడు మన వనభోజనాలకి మూడో వీధిలో అద్దెకుండే వాళ్లమ్మాయి వచ్చింది. బెంగళూరులో ఉద్యోగం, సెలవకొచ్చింది. పేరెందుకు, మీలో చాలామందికి తెలుసు. ఆ పిల్ల వీగన్. అంటే మాంసం, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా తినదు. మా వారికి చెబితే 'వేగన్ ఆర్ కొన్నదా' అన్నారు. కొత్త ఫ్యాషన్ అనుకుంటాం గానీ, ఆ మాట పుట్టి ఎనభై ఏళ్లు దాటింది. 1944 నవంబరులో బ్రిటన్‌లో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయన, మరికొందరు కలిసి సంఘం పెట్టుకుని ఆ పేరు పెట్టారు. అందుకే నవంబరు 1న వీగన్ల దినం చేస్తారు. చూశారా, ఏటా ఇంచుమించు మన కార్తీకం రోజులే.

ఆ పిల్ల విస్తరి ముందు కూర్చుని ప్రతి వడ్డనకీ ఒకే ప్రశ్న: 'ఇందులో నెయ్యి ఉందా అండీ?' పప్పులో ఉంది. పులిహోరలో, నువ్వుల నూనెతో కలిపే పులిహోరలో, ఘుమఘుమ కోసమని ఆ వంటాయన రెండు గరిటెలు పోశాడు. పనీరు సరే సరి. ఇటు పక్క పిన్నిగారు 'ఒక్క చుక్కే కదమ్మా' అంటారు, అటు పక్క బాబాయిగారు 'ఆవుని చంపారా ఏమిటి' అంటారు, ఎదురుగా ఉన్నవాళ్లు నవ్వుతారు. ఆ పిల్ల విస్తరిలో తెల్లన్నం, ఆవకాయ, రెండు గారెలు. 120 మంది విందు చేస్తుంటే ఆ పిల్ల ఆవకాయన్నం కలుపుకుంటోంది.

నేను బూరెల పళ్లెం పట్టుకుని ఉన్నాను. వెనకే నేతి గిన్నెతో కుర్రాడు. మన పద్ధతి మీకు తెలుసుగా, బూరె విస్తట్లో పడగానే బొటనవేలితో చిల్లు పెట్టి నెయ్యి పోయాలి. ఆ కుర్రాడు గరిటె వంచబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. 'ఈ అమ్మాయి బూరెకి చిల్లు పెట్టకు' అని గట్టిగా అన్నాను, అందరికీ వినబడేలా. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. 'లోపల నెయ్యి లేదు కదాంటీ?' అని అడిగింది. లేదమ్మా, తిను, అన్నాను. రెండు తింది.

ఉంది. పొద్దున్న పూర్ణం కలుపుతుంటే పక్కనే ఉన్నాను. ఉడికిన శనగపప్పు, బెల్లం పాకంలో దగ్గర పడుతుంటే అడుగంటకుండా గిన్నెడు నెయ్యి పోశారు. నా కళ్లతో చూశాను. తెలిసే అబద్ధమాడాను.

భోజనాలయ్యాక బోరు దగ్గర చేతులు కడుక్కుంటుంటే వంట సాయానికొచ్చినావిడ ఎవరితోనో 'ఈసారి పూర్ణంలో నెయ్యి బాగా పడిందండి' అంది. ఆ పిల్ల అక్కడే ఉంది. నా వైపు చూసింది. 'పర్లేదాంటీ' అంది, అంతే. తిట్టినా బాగుండేది.

ఎందుకాడానంటే, పండగ పూట పిల్ల విస్తరి బోసిగా ఉంటే చూడలేక, అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం, దీని పంతం ఏపాటిదిలే అనుకోవడం. మా నాయనమ్మ చాతుర్మాస్యం చేసేది. మొదటి నెల కూరలు మానేది, రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పులు. మూడో నెలలో ఆవిడ విస్తట్లో చుక్క పాలు వేసే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికైనా ఉండేదా? 'ఒక్క చుక్కే కదా' అని మా తాతగారు అనగలిగేవారా? కార్తీకమని మనం ఉల్లి, వెల్లుల్లి మానేస్తే వంటవాడు నోరెత్తకుండా 120 మందికీ అవి లేకుండా వండుతున్నాడు. దేవుడి పేరు చెబితే నోరు మూసుకుంటాం, పాతికేళ్ల పిల్ల తన మాటగా చెబితే నవ్వుతాం. పాలు పడక కడుపునొప్పితో బాధపడేవాళ్లూ మనలో ఉన్నారు, బయటికి చెప్పరంతే. మొదటి వీధిలో పాల ఎలర్జీ ఉన్న చిన్న బాబు ఉన్నాడు. వాడికి 'ఒక్క చుక్క' అంటే ఆసుపత్రి.

ఇందాక ఎక్కడున్నాను? ఆఁ, పట్టీ.

తరవాత నేను కాగితం, పెన్ను తీసుకుని మన వంటల్లో పాలతో పని లేనివి రాద్దామని కూర్చున్నాను. పులిహోర, గారెలు, పూర్ణం బూరెలు, కంద బచ్చలి, గుమ్మడికాయ పులుసు, కొబ్బరి పచ్చడి, గోంగూర, ముద్దపప్పు, చిక్కుడుకాయ కూర, అరటికాయ వేపుడు, చిమ్మిలి, ఉండ్రాళ్లు. కాగితం రెండో వైపుకి తిప్పాల్సి వచ్చింది! నాగుల చవితికి చిమ్మిలీ చలిమిడీ మనం తిని పాలు పుట్టలో పోస్తున్నాం. ఈ వంటలన్నీ నెయ్యి అడగవు, మనమే పోస్తున్నాం. మన పెద్దల పద్ధతిలో నెయ్యి వడ్డించేవాడి చేతిలో ఉండేది. విస్తరి దగ్గరికొచ్చి అభిఘారం చేసేవాడు, వద్దంటే చెయ్యి అడ్డం పెడితే సరిపోయేది. ఇప్పుడు వంటశాలలోనే కుమ్మరిస్తున్నారు కాబట్టి చెయ్యి అడ్డం పెట్టి లాభం లేదు. మధ్యలో నెయ్యికి బదులు నూనెతో చేసిన డాల్డా వాడే రోజులు నడిచాయి, ఆ లెక్కన మన కాలనీలో సగం మంది పెళ్లి భోజనాలు వాళ్లకి తెలియకుండానే వీగన్ భోజనాలు. నవ్వకండి, మీ ఇంట్లో తులసి మొక్క ఏ డబ్బాలో ఉండేదో నాకు తెలుసు.

అందుకని ఈసారి ఒక్కటే మార్పు. పొయ్యి దగ్గరికి నెయ్యి, వెన్న, పాలు రావు. నెయ్యీ పెరుగూ వడ్డన బల్ల మీదే, వాటి గరిటెలు వాటికే. కావలసినవాళ్లు బూరెకి రెండు చిల్లులు పెట్టుకోండి, నేనే పోస్తాను.

120 మందికి లెక్క చెబుతున్నాను, రాసుకోండి. తెల్లన్నానికి మనిషికి 100 గ్రాముల చొప్పున 12 కిలోల బియ్యం, పులిహోరకి విడిగా 4 కిలోలు. కందిపప్పు 4 కిలోలు. గారెలు మనిషికి రెండు, కిలో మినప్పప్పుకి 50 వస్తాయి, కాబట్టి 5 కిలోలు. బూరెలూ రెండే. కిలో శనగపప్పు, కిలో బెల్లం కలిపితే 80 పూర్ణాలకి తగ్గవు, 3 కిలోలు చొప్పున చాలు. పూర్ణం అడుగంటకుండా నెయ్యి బదులు అడుగు మందమున్న గిన్నె, ఓపికున్న మనిషి కావాలి. పైపూత మినప్పప్పు, బియ్యమే.

కంద 14 కిలోలు, చెక్కు తీస్తే పదికి దిగుతుంది. ఇది కొంచెం వివరంగా చెప్పనివ్వండి, మళ్లీ అడిగేవాళ్లు ఉండరు. కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, దురద వాటివల్లే. చేతులకి నూనె రాసుకుని తరగాలి. ముక్కలు, తరిగిన బచ్చలి కలిపి ఉడికించి, మెత్తబడ్డాక చిక్కటి చింతపండు పులుసు పోసి దగ్గరపడనివ్వాలి. ఎండుమిర్చి, మినప్పప్పు, ఇంగువ పోపు. దించి, చల్లారాక మాత్రమే నూరిన ఆవపిండిలో పచ్చి నూనె కలిపి పట్టించాలి. వేడి మీద ఆవ పడిందా, చేదు. పోయినేడాది తొందరపడ్డది ఎవరో నేను చెప్పను, వారికి తెలుసు. ఇంగువలో గోధుమపిండి కలుపుతారు, గోధుమ పడనివాళ్లెవరైనా ఉంటే ముందే చెప్పండి. పనసపొట్టు అడిగారు ఒకరు. అది కార్తీకంలో రాదు, మాఘం తరవాత అడగండి.

పరమాన్నం కొబ్బరిపాలతో. బియ్యం నీళ్లలో మెత్తగా ఉడికాక బెల్లం వేసి కరిగాక దించి, అప్పుడు చిక్కటి కొబ్బరిపాలు. పొయ్యి మీద మరగనిస్తే విరుగుతాయి. పూతరేకులు కూడా పెట్టమన్నారు కార్యదర్శిగారు, 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ, అంటే ఊరి పేరుతో వచ్చే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిందని గుర్తు చేశారు. సంతోషమే, కానీ నెయ్యి లేని పూతరేకు తియ్యటి కాగితం. అది విడి పళ్లెంలో, నెయ్యి ఉందని చీటీ రాసి పెడదాం.

పెరుగు 12 లీటర్లు. దానికి తోడు రెండు లీటర్లు వేరుశనగ పెరుగు. అరకిలో గుళ్లు నానబెట్టి, రుబ్బి, వడకట్టి, కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిరపకాయ తొడిమలు వేస్తే తోడుకుంటుంది. నేను మొదటిసారి చేసింది జిగురులా సాగింది, మా వారు గోడకి పోస్టరు అంటించుకోవచ్చన్నారు. మూడోసారికి కుదిరింది. పెరుగే అని ఒట్టు వెయ్యను గానీ, అన్నంలో కలుపుకుని నిమ్మకాయ ఊరగాయ నంజుకుంటే బాగుంది.

ప్యాకెట్లు కొనేవాళ్లకి ఒక మాట. ఆకుపచ్చ చుక్క ఉంటే మాంసం, గుడ్డు లేవని అర్థం, పాలు లేవని కాదు. వీగన్ సరుకుకి మన ఆహార భద్రతా సంస్థ వేరే గుర్తు పెట్టింది, ఆకుపచ్చ రంగులో ఇంగ్లీషు 'వి' అక్షరం, 2022 నిబంధనల్లో ఉంది. బిస్కెట్లు, చాక్లెట్లు కొనే ముందు వెనక వైపు చదవండి.

పనీరు మాత్రం లేదు. ఓటింగు పెట్టమంటున్నారా? పెట్టండి, నేను కంద తరగనని ముందే చెబుతున్నాను.

ఆ అమ్మాయికి పోయిన వారం ఫోన్ చేశాను. ముందు క్షమించమన్నాను. ఆ తరవాత ఈసారి బూరెల్లో నెయ్యి వెయ్యడం లేదని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. 'పూర్ణం నేను కలపనా ఆంటీ, సెలవు పెట్టి ముందురోజే వస్తాను' అంది. రమ్మన్నాను. అందుకని శనివారం సాయంత్రం నాలుగింటికి మా ఇంటి వెనక అరుగు మీద కంద తరగడం, కొబ్బరి కోరడం, పూర్ణం కలపడం. కత్తిపీటలు నా దగ్గర రెండే ఉన్నాయి, ఇంకో నాలుగు కావాలి. కోరాము ఉన్నవాళ్లు చేతులెత్తండి. మగవాళ్లూ ఎత్తండి. కోశాధికారిగారూ, మీ చెయ్యి కనబడటం లేదు.