నా చేతిలో పాడైన 20 హామర్లు

అందరికీ నమస్కారం. ఈ రోజు వీడియోలో నా ముఖం తక్కువ, పియానో పొట్ట ఎక్కువ కనిపిస్తాయి. కెమెరా పట్టుకున్నది మా అమ్మాయి. "నాన్నా, కదలకు" అని ఇప్పటికే మూడుసార్లు కసిరింది. కదలకుండా చేసే పని కాదిది, ఏం చేయను!

మనం ఉన్నది ఒక పాఠశాల సభామందిరంలో. ఎదురుగా ఉన్నది గ్రాండ్ పియానో. 88 మీటలు, దాదాపు 230 తీగలు. ఆ తీగలన్నీ కలిసి లోపలి ఇనుప చట్రాన్ని లాగే బలం పదిహేను టన్నులు దాటుతుంది. నేను పరాయి దేశంలో పియానోలు శ్రుతి చేసి బతుకుతున్నానంటే మన బంధువుల్లో చాలామంది ఇప్పటికీ నమ్మరు. "సరే, అసలు ఉద్యోగం ఏమిటి?" అని అడుగుతారు. ఇదేనండీ అసలు ఉద్యోగం.

ఇప్పుడు మీటల వరుసను సొరుగులా ముందుకు లాగుతున్నాను. అమ్మా, దగ్గరికి రా. ఈ ఫెల్ట్ తలలు, అంటే అదిమిన ఉన్ని తలలు, చూశారా? మీట నొక్కితే ఎగిరి తీగను కొట్టేవి ఇవే, హామర్లు. ఎడమ వైపు నుంచి చూసుకుంటూ రండి, అన్నీ మాసిన బూడిద రంగు. కుడి చివర ఉన్న 20 మాత్రం కాస్త తెల్లగా ఉన్నాయి. వాటిని నాలుగేళ్ల కిందట నా సొంత డబ్బుతో మార్చాను. ఎందుకంటే, పాత వాటిని పాడుచేసింది నేనే.

అప్పట్లో ఇక్కడి సంగీతం టీచర్ గారు, పై స్వరాలు హాలు చివరి దాకా వినిపించడం లేదన్నారు. అంతకు కొన్నాళ్ల ముందే వేరే దేశపు నిపుణుడొకరు చేసి చూపించిన పద్ధతి నా మనసులో తాజాగా ఉంది. లాకర్ అనే వార్నిష్ లాంటి పూతను (ఇక్కడ లక్క అంటున్నాను) ద్రావకంలో పలుచగా కలిపి, హామర్ ఫెల్ట్ మీద చుక్కలుగా వేస్తారు. ఫెల్ట్ గట్టిపడుతుంది, స్వరం పదునెక్కుతుంది. ఆయన చేతిలో అద్భుతంగా పనిచేసింది. నేనూ వేశాను. మరునాడు వచ్చి మీట నొక్కితే గాజు గిన్నె మీద చెంచాతో కొట్టినట్టు వినిపించింది.

ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆయన పియానోలోని హామర్లు మెత్తగా తయారైనవి. కర్మాగారంలోనే లక్కతో గట్టిపరచి స్వరం తెచ్చే సంప్రదాయం వాటిది. న్యూయార్క్‌లోని స్టైన్‌వే పియానో కంపెనీ హామర్లది అదే దారి. నా ముందున్నవి మొదటి నుంచీ గట్టిగా అదిమి చేసినవి. ఐరోపాలో, జపానులో ఎక్కువగా వాడే రకం. వాటిని సూదులతో గుచ్చి మెత్తబరుస్తూ స్వరం దిద్దాలి. ఒకదానిలో గట్టిదనం పెంచుకుంటూ పోవాలి, ఇంకోదానిలో తగ్గించుకుంటూ రావాలి. ఈ ముక్క ఆ ప్రదర్శనలో లేదు. అడగాలని నాకూ తోచలేదు. ఒకసారి లోపలికి ఇంకిన లక్క పూర్తిగా బయటికి రాదు.

ఆ రాత్రి సిగ్గు చంపుకుని, ఒక సమావేశంలో పరిచయమైన జపాను నిపుణుడికి ఫోన్ చేశాను. ఆయన నన్ను తప్పుపట్టలేదు, ప్రశ్నలు అడిగారు. హామర్లు ఎవరు చేశారు? గదిలో తేమ ఎంత? లక్క వేసే ముందు హామర్ మూడు తీగలనూ ఒకేసారి తాకుతోందో లేదో చూశారా? చివరి ప్రశ్న దగ్గర నాకు మాట రాలేదు. పై స్వరాల్లో ఒక్కో మీటకు మూడు తీగలుంటాయి. హామర్ ముఖం అరిగి, రెండింటిని ముందు తాకి మూడోదాన్ని ఆలస్యంగా తాకితే స్వరం నీరసపడుతుంది. అసలు జబ్బు అదే. గరుకు కాగితంతో పావుగంటలో అయ్యే పని. ఆ తరువాత ఆయన, తాను కొత్తలో హామర్ నెత్తి మీద సూదులు అతిగా గుచ్చి ఒక పియానో గొంతు నొక్కేసిన కథ చెప్పారు. మూడు తరగతుల్లో నేర్చుకోలేనిది ఆ అరగంటలో నేర్చుకున్నాను.

నాకు ఈ పని నేర్పిన పెద్దాయన పద్ధతి వేరు. శ్రుతి చేయడం ఓపిగ్గా నేర్పారు. సూది పట్టుకునే సమయానికి మాత్రం నావైపు వీపు తిప్పేవారు. టీ తీసుకురమ్మని పంపిన రోజులూ ఉన్నాయి. ఆయన భయం నాకు అర్థమవుతుంది. చేతిలో ఉన్న కిటుకే కూడు పెడుతుందని నమ్మిన తరం. కానీ పియానో చరిత్రే ఆయన మాట వినదు.

ఇటలీలో బార్తొలొమేయో క్రిస్టోఫొరి 1700 ప్రాంతంలో ఈ వాద్యాన్ని తయారు చేశారు. ఆయన చేసిన వాటిలో నేటికి మిగిలినవి మూడే. 1711లో షిపియోనె మఫ్ఫెయి అనే రచయిత ఆ యంత్రాంగం పనితీరును బొమ్మతో సహా అచ్చు వేయించారు. 1725లో అది జర్మన్‌లోకి వచ్చింది. అక్కడ గాట్‌ఫ్రీడ్ సిల్బర్‌మాన్ పియానోలు కట్టారు. వాటిని చూసిన సంగీతకర్త బాఖ్, పై స్వరాలు బలహీనంగా ఉన్నాయి, మీటలు బరువుగా ఉన్నాయి అన్నారట. సిల్బర్‌మాన్ నొచ్చుకున్నా ఏళ్ల తరబడి దిద్దుకుని, చివరికి ఆయన మెప్పు పొందారు. గమనించారా, దాదాపు మూడు వందల ఏళ్ల కిందటి ఫిర్యాదు కూడా పై స్వరాల మీదే! ఆ బొమ్మను దాచిపెట్టి ఉంటే నేను ఈ రోజు ఏ ఉద్యోగం చేస్తూ ఉండేవాణ్ణో.

ఇప్పుడు దేశదేశాల సంఘాలున్నాయి, సమావేశాలున్నాయి, ఫోన్‌లో ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకోవచ్చు. తలుపులు తెరిచే ఉన్నాయి. చిక్కంతా మాటలతోనే. హామర్ తీగను తాకబోయే క్షణంలో మీట దాన్ని వదిలేస్తుంది చూడండి, దాన్ని అమెరికా వాళ్లు లెట్-ఆఫ్ అంటారు, బ్రిటన్ వాళ్లు సెట్-ఆఫ్ అంటారు. హామర్ తిరిగే ఇరుసు పిన్ను సైజును ఒకచోట నంబరుతో చెబితే, ఇంకోచోట మిల్లీమీటర్లలో చెబుతారు. జపాను వాళ్ల లెక్క నాకు ముచ్చటేస్తుంది: శ్రుతి చేయడం చోరిత్సు, యంత్రాంగం సరిదిద్దడం సెయ్‌చో, స్వరం దిద్దడం సెయ్‌ఒన్. మనం మూడింటినీ "పియానో బాగుచేయడం" అనేసి ఊరుకుంటాం.

అందుకే మా నలుగురి బృందం ఒక పట్టుదల పెట్టుకుంది. నెలకోసారి కలుస్తాం, నాలుగు దేశాలు, నాలుగు గడియారాలు. ఒకరు ఆవలిస్తూ ఉంటారు, ఒకరు అప్పుడే నిద్రలేస్తారు. ఎవరు ఏ చిట్కా చెప్పినా గదిలో తేమ, తయారీదారు, పియానో వయసు ముందు చెప్పాలి. ఆరు నెలల తరువాత ఏమైందో మళ్లీ వచ్చి చెప్పాలి. సముద్రం పక్కన పనిచేసే ఆయన, మీటలు బిగుసుకుంటే లోపలి ఫెల్ట్‌ను నొక్కి వదులు చేస్తానన్నారు. అక్కడది సరైన వైద్యం. చలికాలమంతా హీటర్ వేసి గాలి ఎండిపోయే ఊళ్లో అదే పని చేస్తే, మీటలు పళ్లు కొట్టుకున్నట్టు గలగలలాడతాయి.

చూస్తున్న మీలో ఇంట్లో పియానో ఉన్నవాళ్లకు ఒక మాట. లక్క జోలికి, సూదుల జోలికి వెళ్లకండి. తేమ కొలిచే చిన్న పరికరం ఒకటి కొని పియానో దగ్గర పెట్టండి. 40 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉంటే సగం వైద్యం అయినట్టే. బాగుచేయడానికి వచ్చినవాళ్లకు ఆ అంకె చెబితే, వాళ్లు మిమ్మల్ని ఎంతో గౌరవంగా చూస్తారు, నా పూచీ.

ఈ రోజుకు పని అయిపోయింది. మొదటి మీటను పూర్తిగా బయటికి తీస్తున్నాను. దాని చెక్క పక్కన పాతకాలపు పెన్సిల్ రాతలున్నాయి చూడండి. ఇంతకుముందు వచ్చినవాళ్లు తేదీలు రాసి పెట్టారు. నేను కింద రాస్తున్నాను: ఈ రోజు తేదీ, శ్రుతి 440 హెర్ట్జ్, తేమ 46 శాతం. దాని కింద, "చివరి 20 హామర్లు మార్చినవి. గట్టి ఫెల్ట్. పాతవాటికి లక్క వేసి పాడుచేశాను."

"తప్పు కూడా రాస్తావా నాన్నా?"

"రాయాలి అమ్మా. తరువాత వచ్చేవాళ్లు ఈ 20 ఎందుకు తెల్లగా ఉన్నాయని తల బద్దలు కొట్టుకుంటారు. కెమెరా కాస్త కిందికి దించు, అక్షరాలు కనిపించాలి."