తొమ్మిదో ప్రశ్న

అధ్యక్షులవారికి, వేదికపైనున్న పెద్దలకు, బెంగళూరు ఫార్మసీ కళాశాలల్లో చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థులకు, అనంతపురం నుంచీ చిత్తూరు నుంచీ రాత్రి బస్సెక్కి వచ్చిన వారి తల్లిదండ్రులకు నమస్కారం.

ప్రపంచ ఫార్మసిస్టుల దినోత్సవం కనుక క్లినికల్ ఫార్మసీలో, అంటే రోగులకు మందుల వాడకాన్ని గమనించే శాఖలో, పరిశోధనావకాశాల గురించి మాట్లాడమన్నారు. అవకాశాలకు కొదవ లేదు. 2008లో వచ్చిన ఫార్మ్‌.డి. అనే ఆరేళ్ళ ఫార్మసీ డాక్టరేట్ కోర్సులో ఐదో ఏడాది ఆరు నెలల ప్రాజెక్టు తప్పనిసరి. యాంటీబయాటిక్‌ల వాడకం మీద, మందుల దుష్ప్రభావాల మీద మన పిల్లలు చక్కటి పని చేస్తున్నారు. అయితే నేను పరీక్షకునిగా వెళ్ళిన చోట్ల తరచుగా కనిపిస్తున్న అంశం ఇంకొకటుంది: ఫార్మసీ విద్యార్థుల మానసిక ఆరోగ్యం. మిగిలిన సమయమంతా దానికే వాడుకుంటాను, నిర్వాహకులు మన్నించాలి.

ఒక కళాశాలలో వైవాకు వచ్చిన అమ్మాయి తన జూనియర్లకు పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి పంచింది. మానసిక కుంగుబాటు ఎంత ఉందో తొమ్మిది ప్రశ్నలతో కొలిచే పత్రమది. గడచిన రెండు వారాల్లో చనిపోతే బాగుండునన్న ఆలోచనలు గాని, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనలు గాని వచ్చాయా అని అందులో తొమ్మిదో ప్రశ్న అడుగుతుంది. నింపిన ఫారాల కట్ట తిరగేస్తుంటే ఒకదానిలో ఆ ప్రశ్న ఎదుట, దాదాపు ప్రతిరోజూ అన్న గడిలో, కాగితం చిరిగేంత గట్టిగా టిక్కు పెట్టి ఉంది. ఈ విద్యార్థి విషయం ఏంచేశావమ్మా అని అడిగాను. "పేర్లు రాయించలేదు సార్, స్కోర్లు పట్టికలో ఎక్కించమన్నారు, ఎక్కించాను" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. ఎక్కించమన్నవారిని, పేరు లేదు కనుక బాధ్యతా లేదనుకున్న ఆ పద్ధతిని తప్పుపడుతున్నాను.

వార్డులో మనం ఇలా చేస్తామా? మూర్ఛకు వాడే కార్బమజెపీన్ మొదలుపెట్టిన రోగికి ఒంటిమీద దద్దుర్లు, నోట్లో పుండ్లు కనిపిస్తే, అది ప్రమాద సూచన కనుక మన విద్యార్థి ముందు పరుగున వెళ్ళి డాక్టరుకు చెబుతాడు. అది మందు వల్లే వచ్చిందా అని తేల్చే నరాంజో స్కోరు లెక్క కట్టడం, దుష్ప్రభావాన్ని నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ ఫారం నింపడం ఆ తరవాతి పని. రోగి విషయంలో నేర్పుతున్న ఈ క్రమాన్ని మన హాస్టల్ పిల్లల విషయంలో ఎందుకు తలకిందులు చేస్తున్నాం? చెప్పండి, ఇక్కడున్న అధ్యాపకులనే అడుగుతున్నాను.

విశాఖలో చదువుకుంటూ మరణించిన 17 ఏళ్ళ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పునిస్తూ, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలని ఆదేశించింది. ఇక నేనడిగేది ఇదీ: ఆ వ్యక్తి గదిలో ఉండగానే ఫారాలు పంచాలి. ఆ సాయంత్రమే తొమ్మిదో ప్రశ్న జవాబులన్నీ చూడాలి. ఇష్టమైనవారు ఫోన్ నంబరు రాసి విడిగా ఇచ్చేందుకు ఒక చీటీ జతచేయాలి. ఇవేవీ లేని ప్రొటోకాల్‌ను పరిశోధనలకు అనుమతినిచ్చే ఎథిక్స్ కమిటీ వెనక్కి పంపాలి.

ఈ ఏడాది ప్రాజెక్టు ఎంచుకోబోతున్న విద్యార్థులారా, ఎక్కువ స్కోరు వచ్చినవారిని ఎవరు చూస్తారని మీ గైడును ముందే అడగండి. జవాబు రాకపోతే ఆ ప్రశ్నావళి పంచకండి. మీలో ఎవరికైనా ఆ తొమ్మిదో ప్రశ్నే మనసులో మెదులుతుంటే, మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416 రాసుకోండి. ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. సభ ముగిశాక నేను ఇక్కడే ఉంటాను.