గుండు కొట్టించుకున్నాక వాచ్‌మన్ ఆపేశాడు, చాయ్ అన్న పట్టేశాడు

నమస్తే అండీ. అవును, గుండే. మీసం కూడా లేదు. నవ్వుకోవడం అయిపోతే మొదలుపెడదాం.

పోయిన వారం యాదగిరిగుట్టలో మొక్కు తీర్చుకున్నాం. తలనీలాలు ఇచ్చి, ఆ ఊపులో మీసం కూడా తీయించేశా. సాయంత్రం చిక్కడపల్లి వచ్చి మా అపార్ట్‌మెంట్ గేటు తోయబోతే వాచ్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు. "ఎవరు కావాలె సార్?" నెల కిందటే చేరాడు పాపం. రోజూ నాకు నమస్తే పెట్టే మనిషే! సరేలే అని ఫ్లాట్ నంబరు చెప్పి, సామాను పడేసి, సందు చివర చాయ్ బండికి బయల్దేరా. అక్కడి అన్న రోడ్డుకు అవతల్నుంచే, "ఏమన్నా, గుట్టకు పోయొచ్చినవా?" పదేళ్లుగా ఆయన దగ్గరే తాగుతున్నా.

అదే గుండు. ఒకరికి కొత్త మనిషిని, ఇంకొకరికి పాత బాకీని.

1979లో ఎల్లిస్, షెపర్డ్, డేవీస్ అనే ముగ్గురు పరిశోధకులు సరిగ్గా ఈ తేడానే చూపించారు. బాగా తెలిసినవాళ్లను మనం ఎక్కువగా మొహం లోపలి భాగంతో పోల్చుకుంటాం, అంటే కళ్లు, ముక్కు, నోరు. అంతగా తెలియని మొహమైతే జుట్టు, తల ఆకారం కూడా వాటితో సమానంగా పనిచేస్తాయి. మా వాచ్‌మన్ నెల రోజులుగా నమస్తే పెట్టింది చాలావరకు నా క్రాఫుకే అన్నమాట! ఆ క్రాఫు గుట్టలో ఉండిపోయింది.

జుట్టు ఎంత మోసం చేస్తుందో చెప్తా. 1996లో పవన్ సిన్హా, తొమాసో పోజియో అనే ఇద్దరు పరిశోధకులు ఒక ఫొటో తయారుచేశారు. అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్, పక్కనే ఉపాధ్యక్షుడు ఆల్ గోర్. మామూలు ఫొటోలాగే ఉంటుంది. కాస్త నింపాదిగా చూస్తే తెలుస్తుంది, గోర్ తలలో ఉన్న కళ్లు, ముక్కు, నోరు కూడా క్లింటన్‌వే. నేనైతే చెప్పేదాకా కనిపెట్టలేదు.

ఈ సిన్హా మన ఢిల్లీ ఐఐటీలో చదివి అమెరికాలో ఎంఐటీకి వెళ్లినాయనే. 2003లో జావిద్ సదర్‌తో కలిసి ఇంకో పని చేశాడు, నాకు అదే ఎక్కువ నచ్చింది. సెలబ్రిటీల ఫొటోల్లో ఒకసారి కళ్లు చెరిపేశారు, ఒకసారి కనుబొమలు చెరిపేశారు. చూసినవాళ్లు, కళ్లు లేనప్పుడు సుమారు 56 శాతం మొహాలను గుర్తుపట్టారు. కనుబొమలు లేనప్పుడు 46 శాతమే! కళ్ల కంటే కనుబొమలు పోతేనే ఎక్కువ దెబ్బ. ఆలోచిస్తే సబబే. ఎండ నెత్తి మీద ఉంటే కళ్లు నీడలో పడిపోతాయి. కనుబొమలు నుదుటి మీద నల్లగా, దూరానికి కూడా కనిపిస్తాయి. కోపం, ఆశ్చర్యం అన్నీ వాటిమీదే ఆడతాయి. మా అక్క అమీర్‌పేట పార్లర్లో ఐబ్రోస్ చేయించుకుని వచ్చి "ఎట్లున్నా?" అంటే, నాలుగు వెంట్రుకలకు ఇంత హంగామానా అనేవాణ్ణి. సారీ అక్కా.

కాటుక సంగతి కూడా అంతే. రిచర్డ్ రసెల్ అనే పరిశోధకుడు 2009లో ఆడా మగా తేల్చలేని ఒకే మొహం ఫొటో తీసుకుని, కళ్లు, పెదవులు కదపకుండా చర్మం రంగు మాత్రమే మార్చాడు. చర్మం రంగు లేతై కళ్లు, పెదవులు కొట్టొచ్చినట్టు కనిపిస్తే ఆడమనిషిలా, ముదురై ఆ తేడా తగ్గితే మగమనిషిలా అనిపించింది. ముక్కు మారలేదు, దవడ మారలేదు. కాటుక పెంచేదీ ఆ తేడానే.

ఒకటి చేసి చూడండి. ఫోన్లో మీ స్కూల్ గ్రూప్ ఫొటో తీసి, ఎడిటింగ్‌లో కనుబొమలన్నీ చెరిపేసి మీ బ్యాచ్ గ్రూపులో పెట్టండి. ఎవరు ఎవరో కామెంట్లో తేల్చుకుందాం.

ఇక నా సంగతి. గుట్టలో మంగలి తల గీశాడు, మీసం గీశాడు, కనుబొమల జోలికి పోలేదు. చాయ్ అన్నకు అది చాలినట్టుంది. వాచ్‌మన్ మర్నాటినుంచి గుండుకు నమస్తే పెడుతున్నాడు. జుట్టు పెరిగాక మళ్లీ ఆపుతాడేమోనని చిన్న భయం.