భాస్వరం టెస్ట్ కిట్ రివ్యూ: నీలం రంగు చెప్పని సంగతులు

నమస్తే అండీ. నా చేతిలో ఉన్నది మట్టిలో భాస్వరం చూసే కిట్. మట్టిని ద్రావణంలో వేసి ఊపి, వడగట్టి, రంగు మందు చుక్కలు వేస్తే నీలం వస్తుంది. ముదురు నీలం వస్తే భాస్వరం ఎక్కువన్నమాట. వాడటం తేలిక, అక్కడ మార్కులు ఇచ్చేస్తాను. తగువంతా ఆ తర్వాతే.

అదే మట్టిని చలి పొద్దున ఒకసారి, ఎండ ముదిరాక ఒకసారి పరీక్షించాను. మధ్యాహ్నం రంగు చిక్కబడింది! ద్రావణం వెచ్చబడితే మట్టి నుంచి ఎక్కువ భాస్వరం లాగుతుంది. ల్యాబుల్లో ఉష్ణోగ్రతను ఒకేలా ఉంచేది అందుకే. కిట్ పేపర్‌లో ఈ ముక్క ఎక్కడా లేదు, నా కోపం అదే.

ఇంకో సంగతి చూడండి. కిట్ 'ఎక్కువ' అన్న మడిలోనే మొక్కజొన్న మొలకల ఆకులు ఊదారంగుకు తిరిగాయి, మొక్కకు భాస్వరం అందడం లేదనడానికి అది గుర్తు. భాస్వరం ఉంది, నేలే చల్లగా ఉంది. నత్రజనిలా ఇది నీళ్లతో కొట్టుకొచ్చి వేరును చేరదు. మట్టి రేణువుల చుట్టూ ఉన్న నీటి పొరలో మెల్లగా పాకుతుంది, అదీ మిల్లీమీటర్ల దూరమే. నేల 15 డిగ్రీల కిందికి పోతే ఆ పాకుడూ మందగిస్తుంది, వేరూ సాగదు, సేంద్రియ పదార్థం నుంచి భాస్వరం విడిపించే సూక్ష్మజీవులూ ముడుచుకుంటాయి. నేల వెచ్చబడ్డాక కొత్త ఆకులు పచ్చగానే వచ్చాయి, నేను పైన ఏమీ వేయలేదు.

పదును ఆరిపోయినా ఇదే తంతు. నీటి పొర పలచబడి తెగితే భాస్వరానికి దారే ఉండదు.

వరి మడిలో కథ తిరగబడుతుంది. నీళ్లు నిలిచి గాలి ఆడకపోతే మట్టిలోని ఇనుము రూపం మారి, పట్టుకున్న భాస్వరాన్ని వదిలేస్తుంది. ఎండు మట్టి టెస్టులో 'తక్కువ' వచ్చినా వరికి సరిపోవచ్చు. నీళ్లు తీసి ఆరుతడి పంట వేస్తే అదే ఇనుము మళ్లీ బిగించేస్తుంది. వరి బాగానే పండి, తర్వాతి పంటకు భాస్వరం చాలకపోవడం అందుకే.

మరి కొనాలా? ఒక మడితో ఇంకో మడిని పోల్చుకోవడానికి కొనండి, ఎరువు మోతాదుకు మాత్రం ల్యాబ్ రిపోర్టే. పక్కన నేలలో గుచ్చే థర్మామీటర్ పెట్టుకుని, విత్తే ముందు పొద్దున్నే చూడండి. చల్లగా ఉండగానే విత్తాల్సి వస్తే భాస్వరం ఎరువును వెదజల్లకుండా, విత్తనానికి 5 సెంటీమీటర్లు పక్కగా, 5 సెంటీమీటర్లు కిందగా వేయండి. అన్నట్టు, సీసా మూతలు గట్టిగా బిగించండి, నాది సగం కారిపోయింది.